ఎవరి తోక వాళ్ళకే

అద్దె, కరెంటు, నీళ్ళు, బస్సు పాసు, పిన్ని బీపీ మాత్రలు, పిచిక చదువుకి తెచ్చిన అప్పు తాలూకు కిస్తీ, ఇవన్నీ పోయాక నెలాఖరున మిగిలేదాన్ని ఆ ఇంట్లో తోక అంటారు. ఆ మాట పిన్నిది. నెల అనేది ఒక జంతువనీ, దాని ఒళ్ళంతా ఎవరెవరో పంచుకు తినేశాక మన చేతికి దక్కేది తోక ఒక్కటేననీ ఆవిడ సిద్ధాంతం. "ఈ నెల కోతి తోక" అందంటే పండగే. "మేక తోక" అంటే పిసరంత. "కప్ప" అందంటే ఇంక ఆ పూట ఆవిణ్ణి ఏమీ అడక్కూడదు.

పిచికకి అసలు పేరు వేరే ఉంది. అది ఆఫీసు కార్డు మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు. చిన్నప్పుడు పుల్లలా ఉండి, నోరు మాత్రం మూసేది కాదట. వాళ్ళమ్మ పోయిన ఏడాదే పిన్ని ఆ నోటితో సహా పిల్లని తెచ్చుకుని పెంచింది. ఆ పెంపకంలో పిచికకి ఒక జబ్బు అంటుకుంది: నిజం చెప్పడం. తను చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఎదుటివాళ్ళ చేత కూడా చెప్పించేది.

పిన్నిది ఒక బట్టలుతికే షాపులో వెనకగది ఉద్యోగం. ప్యాంట్ల పొడుగు తగ్గించడం, తెగిన జిప్పులు మార్చడం, పెళ్ళయ్యాక లావెక్కిన మొగుళ్ళ చొక్కాలకి కుట్లు విప్పడం. పని ఆవిడది, బోర్డు మీద పేరు షాపు ఓనరుది. వాళ్ళ బిల్డింగుకి ఎదురుగా తాళాలు బాగుచేసే పెద్దాయన ఒకడు కొట్టు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోబోతున్నాడు. ఒక షట్టరు, ఒక కిటికీ, కుట్టుమిషను పెడితే ఇంకో మనిషి నిలబడేంత చోటు. పిన్నికి ఆ గది మీద ఎంత ఆశంటే, రోజూ అటుగా వెళ్తూ చూపుతోనే కొలతలు తీసేది.

"నీకోసమే ఆపుతున్నానమ్మా," అన్నాడు పెద్దాయన. "కానీ ఎండాకాలం అయ్యేదాకే. ఆ తర్వాత ఎవరొస్తే వాళ్ళకి."

అడ్వాన్సు ఎప్పుడో కూడబెట్టేసింది. నెలనెలా ఆ గది అద్దె కట్టాలంటే మాత్రం తోక కోతిదిగానే ఉండాలి. మేకకి దిగిందా, గది పోయినట్టే.

పిచిక పనిచేసేది ఇంటి బిల్లులు కట్టించే యాప్ కంపెనీలో. వాళ్ళ టీమ్ పెద్దని అందరూ కెప్టెన్ అంటారు, పిచిక మాత్రం అన్నా అంటుంది. మొదటి ఉద్యోగం, మొదటి రోజు, ఎవరితో కూర్చుని తినాలో తెలియక దిక్కులు చూస్తుంటే "రా, ఇక్కడ కూర్చో" అన్న మనిషి. ఆ ఒక్క మాటకి రెండేళ్ళు నమ్మింది.

పిచికకి జ్వరం వచ్చిన ఒక ఆదివారం ఆయన లాప్‌టాప్ ఇవ్వడానికి ఇంటికొచ్చాడు. పిన్ని ఊరుకుంటుందా, భోజనానికి కూర్చోబెట్టేసింది. కూర్చోబెట్టి, తను పక్క గదిలో బిల్లులు కడుతూ, అలవాటుగా ఒక్క కేక వేసింది.

"పిచికా! ఈ నెల కోతే!"

అన్నయ్యకి పొలమారింది. "కోతేంటి?"

పిన్ని బయటికొచ్చి చేతులు తిప్పుతూ వివరించింది. ఆయన అన్నం కలపడం మానేసి విన్నాడు. "పిన్నిగారూ, ఈ మాట నాకిచ్చేయండి," అన్నాడు.

"తీసుకో నాయనా, మాటకి డబ్బులా ఏమన్నానా? ముందు ఆ ప్యాంటు ఇలా ఇవ్వు. నేలంతా నువ్వే ఊడుస్తున్నావు."

ఆయన పిచిక వాళ్ళ దుప్పటి చుట్టుకుని కూర్చుంటే, పావుగంటలో ప్యాంటు అంచు కుట్టి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

అలా పుట్టింది 'తోక'. బిల్లులన్నీ కట్టాక మనిషికి ఎంత మిగులుతుందో చూపించే తెర. దాన్ని తయారుచేసింది పిచికే. మిగులు పెరిగితే బొమ్మకోతి తోక పొడుగవుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది, ఏమీ లేకపోతే కప్ప ఒకటి వచ్చి కళ్ళార్పుతుంది. తెర పైన ఒక వాక్యం కూడా పిచికే రాసింది: 'మీ తోక మీకే కనబడుతుంది.' ఆ వాక్యం చోటు తినేస్తోందని బొమ్మలు గీసే అబ్బాయి గొణిగితే, వారం రోజులు పోట్లాడి మరీ నిలబెట్టుకుంది.

కొత్తది కదా, ముందు ఎవరో ఒకరు వాడి చూడాలి. "మీ బిల్డింగ్‌లో మొదలుపెట్టు, నిన్నైతే నమ్ముతారు," అన్నాడు అన్నయ్య.

నమ్మారు. పిచిక అంతస్తు అంతస్తూ ఎక్కి, ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఫోన్లో ఎక్కించింది. ఒళ్ళు నొప్పి దగ్గర్నుంచి మొగుడి గురక దాకా ఆ మెట్ల మీద మాట్లాడుకోని విషయం లేదు గానీ, నెలకి ఎంత మిగులుతుందన్నది మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరు. అడిగితే అందరూ కప్పలే. యాప్‌కి కూడా మొదట అలాగే చెప్పారు.

"బాబాయ్, ఓవర్‌టైమ్ రాయలేదేం?" అని పట్టుకుంది పిచిక రెండో అంతస్తు బస్సు డ్రైవర్‌ని.

ఆయన వంటగది వైపు చూసి గొంతు తగ్గించాడు. "అది మీ పిన్నికి తెలీదమ్మా."

"మా పిన్నికా?"

"ఛ! మా ఆవిడకి. ఆవిడా నీకు పిన్నేగా."

"ఫోనేం చెప్పదులే. నిజం రాయకపోతే లెక్క తప్పొస్తుంది బాబాయ్. నీకే నష్టం."

రాశాడు. పై అంతస్తు నర్సక్క రాత్రి డ్యూటీల డబ్బు రాసింది. ఆఖరికి సొంత పిన్ని కూడా, షాపులో కాకుండా ఇంటి దగ్గర విడిగా కుట్టే బట్టల డబ్బు కాస్త తగ్గించి రాస్తే, "పిన్నీ! నువ్వు కూడానా?" అని కళ్ళెర్రజేసింది పిచిక. పిన్ని నాలుక కరుచుకుని దిద్దుకుంది. లొంగనిది ఒక్క రేడియో తాత. పాత రేడియోలు బాగుచేసుకునే ఆయన మిగులు దగ్గర పెద్ద సున్నా కొట్టి ఫోను మూసేశాడు.

"తాతా, అబద్ధం!"

"అవును," అన్నాడు తాత. "అయితే?"

మూడు నెలలు బాగానే గడిచాయి. పిచికకి జీతం కూడా పెరిగింది. ఇంట్లో కోతికి తోక ఇంకాస్త సాగింది. పిన్ని ఎదురు గదికి ఏ రంగు వెయ్యాలో ఆలోచించసాగింది.

అప్పుడొచ్చింది మెసేజ్. వాళ్ళ బిల్డింగుని ఏదో కంపెనీ కొన్నాక ఓనరు మొహం చూసినవాళ్ళు లేరు. ఉన్నది ఒక మేనేజరు, ఆయనా ఫోన్లోనే ఉంటాడు. వచ్చే నెల నుంచి అద్దె పెరుగుతోందట. భారమనుకున్నవారు పునఃపరిశీలనకి పెట్టుకోవచ్చట. చివర్లో నవ్వే బొమ్మ ఒకటి.

సాయంత్రానికి అందరూ మెట్ల మీద తేలారు. ఎవరి మిగులు ఎంతో చెప్పుకోరు గానీ, ఎవరికి అద్దె ఎంత పెరిగిందో చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

"నాకు పన్నెండొందలు," అంది నర్సక్క.

"పన్నెండొందలేనా!" డ్రైవర్ బాబాయ్ లేచి నిలబడ్డాడు. "నాకు పద్దెనిమిది. మీదీ మాదీ ఒకే సైజు కదా? నా బాత్రూంలో ఏమన్నా బంగారం కుళాయి ఉందా?"

"మాకు మూడు వేలు," అంది పిన్ని. "మాకే ఎక్కువ. ఎందుకో మరి."

"నాకు పైసా పెరగలేదు," అన్నాడు రేడియో తాత, పళ్ళలో పుల్ల పెట్టుకుని.

పిచిక వినడం మానేసి లెక్కలో పడింది. డ్రైవర్ బాబాయ్ తోక రెండువేల నాలుగొందలు. తనే దగ్గరుండి రాయించింది. నర్సక్కది పదహారొందలు. పిన్నిది, తన జీతం పెరిగాక, నాలుగు వేలు. మనసులోనే భాగించింది. మళ్ళీ భాగించింది. ఒక్కొక్కరి తోకలో సరిగ్గా ముప్పావు వంతు. తాతకి తోక లేదు, కోత లేదు.

"ఏంటే, అలా తెల్లబోయావు?" అంది పిన్ని.

"ఏం లేదు," అనబోయి, అది అబద్ధమవుతుందని, "రేపు చెప్తా," అంది.

మర్నాడు పిచిక తలుపు కొట్టకుండా కెప్టెన్ గదిలోకి వెళ్ళింది.

"అన్నా, తోకల లెక్క ఇంటి ఓనర్లకి ఇస్తున్నామా?"

ఆయన కంగారు పడతాడేమో అనుకుంది. పడలేదు. పడుంటే తనకి కొంచెం తేలికగా ఉండేది. కుర్చీ చూపించాడు. "కూర్చో. లెక్క ఇవ్వం. 'స్థోమత సూచిక' ఇస్తాం. పేర్లుండవు."

"ఫ్లాట్ నంబర్లుంటాయా?"

"అవి లేకపోతే సూచిక ఎలా పనిచేస్తుందమ్మా?"

"పైన రాశాం కదన్నా. మీ తోక మీకే కనబడుతుందని."

"కనబడేది వాళ్ళకే. ఓనర్లకి కనబడేది వేరే నంబరు. దాన్ని ఆరుతో గుణించి పంపుతాం. లాయర్లు చూశారు." ఆయన నిజంగానే ఓపిగ్గా వివరిస్తున్నాడు, కొత్తగా చేరిన వాళ్ళకి చెప్పినట్టు. "అద్దె పెంచింది మనం కాదు. ఎవరు ఎంత భరించగలరో చెప్పామంతే. ఎవరికైనా నిజంగా తోక తగ్గితే పునఃపరిశీలనలో పెంపు ఆగిపోతుంది, అది చూసేదీ మనమే. అందులో అన్యాయం ఏముంది చెప్పు?"

"మా బిల్డింగే ఎందుకు?"

"అంత నిజాయితీగా నింపిన బిల్డింగ్ ఇంకోటి దొరకలేదు. మామూలుగా జనం సగం దాచేస్తారు. నువ్వు దాచనివ్వలేదు." మెచ్చుకోలుగా నవ్వాడు. "మొన్న నీకు పెరిగిన జీతం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? ఇందులోంచే."

అంటే జీతం వీళ్ళే పెంచారు, పెంచినదాన్ని వీళ్ళే అటునుంచి అద్దెగా లాగేశారు. మధ్యలో పిన్ని ఉత్తినే గోడకి రంగులు ఎంచుకుంది. పిచిక చూపు కిందికి వాలింది. ఆయన ప్యాంటు అంచు బూటు మీదికి సరిగ్గా వచ్చి ఆగింది. పిన్ని కుట్టు, చూస్తే తెలిసిపోతుంది.

"మా పిన్ని మాట అది," అంది పిచిక.

"ఆవిడే ఇచ్చారుగా," అన్నాడు అన్నయ్య. వెక్కిరింపుగా కాదు. నిజంగా అలాగే అనుకుని.

రాజీనామా ఆయన మొహాన కొట్టి రావాలని ఉంది. కానీ కిస్తీ ఉంది, పెరిగిన అద్దె ఉంది. ఉద్యోగం మానేస్తే తోక కాదు, మొండెం కూడా మిగలదు. పిచిక తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు ఒక్క లైను కూడా రాయలేదు.

సాయంత్రం మెట్ల మీద అందరికీ చెప్పేసింది. దాచడం చేతకాదు కదా. మొదటి నుంచి చివరిదాకా, ముప్పావు వంతు లెక్కతో సహా చెప్పింది. చెప్పేటప్పుడు ఎవరైనా తిడతారనుకుంది. తిట్టలేదు.

"నా ఓవర్‌టైమ్," అన్నాడు డ్రైవర్ బాబాయ్ మెల్లగా. "రాయనంటే రాయించావు కదమ్మా."

ఆయన భార్య ఆయన వైపు తిరిగింది. "ఏ ఓవర్‌టైమ్?"

ఇక అక్కడ ఇంకో కథ మొదలైంది. ఆ గోల మధ్యలో పిన్ని ఒక్కతే పిచికనే చూస్తోంది.

"అంటే తోక లేదంటే పెంచరా?"

"లేకపోతే పెంచరు పిన్నీ. మళ్ళీ పరిశీలిస్తారు. కానీ మనకి ఉంది కదా."

పిన్ని ఇంకేదో అనబోయి ఆగింది. నర్సక్క నవ్వబోయి ఆపుకుంది. తాత గొంతు సవరించుకున్నాడు. పిచికకి అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు అందరూ పనులు గుర్తొచ్చి లేచిపోయారు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. పిన్ని ఎప్పట్లాగే వండింది, వడ్డించింది, "తిన్నావా" అని అడిగింది. గది గురించి మాత్రం ఎత్తలేదు. పిచిక ఎత్తితే, "చూద్దాంలే," అంది. మెట్ల మీద గుసగుసలు వినబడేవి. పిచిక చెప్పుల చప్పుడు కాగానే ఆగిపోయేవి. ఒకసారి డ్రైవర్ బాబాయ్ గొంతు స్పష్టంగానే వినబడింది.

"ఆ పిల్ల ముందు వద్దు. మళ్ళీ నిజం రాయమంటుంది."

దానికి ఎవరో నవ్వారు. ఆ నవ్వు పిన్నిది.

పిచిక మెట్లు దిగకుండా అక్కడే నిలబడిపోయింది. ఆఫీసులో కంటే ఇక్కడ ఎక్కువ తగిలింది. అక్కడ మోసం చేసినవాడు పరాయివాడు, ఎంత అన్నా అని పిలిచినా.

వారం తిరిగేసరికి కెప్టెన్ పిలిచాడు. తెర పిచిక వైపు తిప్పాడు.

"మీ బిల్డింగ్ చూడు. మొత్తం కప్పలే."

నిజమే. బిల్డింగంతా, ఏదో అంటువ్యాధి వచ్చినట్టు, ఒక్క ఇంటికీ తోక లేదు. డ్రైవర్ బాబాయ్‌కి ఓవర్‌టైమ్ బంద్ అయిందట. నర్సక్క రాత్రి డ్యూటీలు మానేసిందట. అందరూ పునఃపరిశీలనకి పెట్టుకున్నారు. పిచిక వేలు జారుతూ జారుతూ తమ ఫ్లాటు దగ్గర ఆగింది. కొత్త ఖర్చు: పిన్ని మోకాళ్ళకి వైద్యం. నెలకి నాలుగువేల మూడొందలు.

పిన్ని మోకాళ్ళు! నిన్ననే నీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని మెట్లు రెండేసి ఎక్కింది.

అంటే అందరూ కలిసి కూర్చుని అనుకున్నారు. ఎవరు ఏం రాయాలో పంచుకున్నారు. ఒకే గదిలో పడుకునే పిన్ని, పక్క మంచం మీద ఫోను వెలుతురు దుప్పటి కింద దాచుకుని, మోకాళ్ళ నొప్పి రాసుకుంది. ఈ ఉపాయం తనకొక్కదానికే చెప్పలేదు.

"నాకెందుకో అబద్ధాలనిపిస్తోంది," అన్నాడు కెప్టెన్. "సిస్టం తేల్చలేకపోతోంది. నువ్వు చెప్పు. నువ్వు నిజమంటే ఓకే కొట్టేస్తా. లేదంటే పెంపు ఖాయం."

పిచికకి ఆయన మీద కోపం ఉంది, సరే. పిన్ని మీద కూడా ఉంది. ఆ క్షణంలో రెండోదే పెద్దదిగా ఉంది. నిజం చెప్పడానికి నోరు తెరవనక్కర్లేదు కూడా, ఊరికే తల అడ్డంగా ఊపితే చాలు. ఎదురు గది షట్టరు మీద పెద్దాయన సుద్దముక్కతో రాసిన 'ఖాళీ' అనే మాట కళ్ళ ముందు ఆడింది. దాన్ని రోజూ చూస్తూ వెళ్ళే పిన్ని కూడా.

"నిజమే అన్నా," అంది.

"మోకాళ్ళు?"

"రెండూ అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేవలేదు. నేనే లేపాలి." ఇంత బాగా వస్తుందనుకోలేదు. "డ్రైవర్ బాబాయ్‌కి ఓవర్‌టైమ్ ఆపేశారు. ఇంట్లో గొడవలు. నర్సక్కకి నిద్ర లేక కళ్ళు తిరిగి పడిపోయింది, అందుకే రాత్రులు మానేసింది."

"అయ్యో. పిన్నిగారి సంగతి చెప్పనేలేదే నువ్వు," అన్నాడు ఆయన. నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే ఓకే కొట్టాడు. "ఆర్నెల్లు ఆగుతుంది. తర్వాత మళ్ళీ చూస్తారు."

మధ్యాహ్నం పిచిక వేరే ఉద్యోగాలకి అర్జీలు పెట్టడం మొదలుపెట్టింది, ఆఫీసు లాప్‌టాప్ మీదే.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పిన్ని గుమ్మంలోనే ఉంది. "విన్నావా? పెంపు ఆపేశారట. వాళ్ళకే బుద్ధొచ్చినట్టుంది."

పిచిక చెప్పులు విప్పుతూ ఆగింది. ఇప్పుడు చెప్తుందేమో అని. నిన్ను కాదని చేశామే, భయమేసిందే, అని ఏదో ఒకటి. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని, "టీ పెట్టనా?" అంది.

"పెట్టు."

ఆదివారం పిన్ని కుట్టుమిషను ఎదురు గదికని కిందికి దిగింది. డ్రైవర్ బాబాయ్ ఒక పక్క, నర్సక్క ఒక పక్క పట్టుకున్నారు. తాత ముందు నడుస్తూ దారి చూపించాడు, దారి ఏదో అక్కడెవరికీ తెలియనట్టు. పిచిక చెయ్యి వెయ్యబోతే, "నువ్వుండమ్మా, బరువు," అన్నారు. అంతే. అంత మర్యాదగా ఆ బిల్డింగ్‌లో పిచికని ఎవరూ ఎప్పుడూ పలకరించలేదు.

పొద్దు వాలాక పిచిక ఎదురు గదికి వెళ్ళింది. గోడలకి ఇంకా రంగు వెయ్యలేదు. పిన్ని మొదటి ప్యాంటు కుడుతోంది. తలెత్తకుండానే అడిగింది, ఎంతో మామూలుగా, దారం రంగు గురించి అడిగినట్టు.

"మీ ఆఫీసులో ఎవరైనా ఏమైనా అడిగారా? మన బిల్డింగ్ గురించి."

మిషను చక్రం మీద పిన్ని చెయ్యి ఆగింది.

"లేదే," అంది పిచిక. "ఎందుకడుగుతారు?"

పిన్ని పిచిక మొహంలోకి ఒక్కసారి చూసింది. "హమ్మయ్య," అంది. "నువ్వు లేదన్నావంటే లేనట్టేలే. అబద్ధం చెప్పడం నీకు రాదుగా."

మళ్ళీ తల వంచి కుట్టుకోసాగింది. పిచిక కిటికీ దగ్గర నిలబడి, రోడ్డు అవతల తమ మెట్ల మీద దీపాలు వెలగడం చూస్తూ, కళ్ళు తుడుచుకుంది. మిషను చప్పుడులో పిన్నికి ఏమీ వినబడలేదు.